మత్తడి మీద రాళ్లు

(హనుమకొండలో సహకార, పొదుపు సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అక్కలకు, అన్నలకు నమస్కారం. ఈ పూట ముచ్చట సమృద్ధి గురించి, అంటే ఇంకొకరికి దక్కితే మనకు తగ్గిపోదు అనుకునే మనసు గురించి. అన్నం తిన్నాక ప్రసంగమంటే మీకూ కష్టమే, నాకూ కష్టమే. అందుకని కాసేపు చెరువు కాడికి పోదాం.

మన చెరువులు కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి, అంటే మిగులు నీళ్లు పోయే అలుగు, దుంకుతుంది, ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో గుడి కట్టించాడు. దాని దగ్గరే రామప్ప చెరువు. ఇప్పటికీ ఆ నీళ్లతో పొలాలు పారుతున్నాయి.

అయితే పై ఊరికి ఒక్కోసారి ఆశ పుడుతుంది. మన నీళ్లు కిందికెందుకు పోవాలె అని మత్తడి మీద రాళ్లు పేరుస్తారు. ఇంకో అడుగు నీళ్లు ఆగుతాయి, నిజమే. కానీ ముందు మునిగేది చెరువు లోపలి అంచున ఉండే సొంత ఊరి శిఖం పొలాలే. ఆ రాత్రి పెద్ద వాన పడిందా, నీళ్లు మట్టికట్ట మీదికెక్కి దాన్ని కోసేస్తాయి. మత్తడి కట్టింది కింది ఊరి మీద దయతో మాత్రమే కాదు.

సంఘాల్లోనూ ఈ రాళ్లు పేర్చేవాళ్లం ఉన్నాం. పాస్‌వర్డ్ చెప్పం, పని నేర్పం, పదిమంది చేసినదానికి ఒక్కరమే శాలువా కప్పించుకుంటాం. ఇంకొకరు ఎదిగితే మన కుర్చీ పోతుందని టెన్షన్.

"పైసలే లేని సంఘంలో సమృద్ధి ముచ్చటేంది సార్" అని పొద్దున ఒక అక్క అడిగింది. సబబైన ప్రశ్న. లేని నీళ్లు ఉన్నాయనుకోమని నేను చెప్పను. చెరువు సగమే నిండిన యాసంగిలో ఊరంతా కూర్చుని ఎన్ని ఎకరాలకు నీళ్లియ్యాలో తేల్చుకునేది, నీళ్లు పంచే నీరటి వంతు ప్రకారం తూము తీసేవాడు. లెక్క అందరి ముందూ ఉండేది గనుక తక్కువ నీళ్లయినా సర్దుకునేవాళ్లు. లెక్క దాచిన చోటే దొంగచాటుగా కాలువకు గండ్లు పడతాయి.

ముల్కనూరు సహకార సంఘం మీకు కొత్త కాదు. 1956లో మొదలైన ఆ సంఘం అప్పులిచ్చి ఊరుకోలేదు, సభ్యుల పంటను అమ్మిపెట్టే పనీ ఎత్తుకుంది. తర్వాత అక్కడే మహిళలు తమ సొంత డెయిరీ పెట్టుకున్నారు. ఒక్క ఊళ్లో రెండు సంఘాలు, రెండూ నిలబడ్డాయి.

ఇక నా సంగతి. ఒక ఆఫీసులో నెలవారీ జీతాల స్టేట్‌మెంట్ తయారు చేయడం నాకొక్కడికే వచ్చు. కింద పనిచేసే కుర్రాడు నేర్పమని అడిగితే "తర్వాత చూద్దాం" అనేవాణ్ని. మూడేళ్లు అదే మాట. ఒకసారి టైఫాయిడ్‌తో మంచాన పడ్డాను, జీతాల బిల్లు ఆగిపోయింది. అప్పుడు తప్పక, ఆ కుర్రాణ్ని ఇంటికి పిలిపించి మంచం పక్కన కూర్చోబెట్టి నేర్పాను. రెండో రోజే ఫోన్ చేశాడు. "సార్, ఈ కాలమ్‌లో కూడిక ప్రతి నెలా తప్పు పడుతున్నట్టుంది, ఒక్కసారి చూస్తారా?"

చూశాను. తప్పే. మూడేళ్లుగా.