అర నిమిషం వెనక వచ్చే వార్తలు

శ్రోతలకు నమస్కారం.

రేడియోకు ఒక గొప్ప గుణం ఉంది. వినేవాళ్లు ఎంతమంది అన్నది దానికి పట్టదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రోజు పదిమంది విన్నా, తర్వాత కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఊరూరా విన్నా ట్రాన్స్‌మిటర్‌కు పడే భారం మారదు. మీరు రేడియో పెట్టారని పక్కింటివాళ్ల రేడియోలో గొంతు తగ్గదు.

ఇంటర్నెట్ మీద మోగే స్పీకరు సంగతి అలా కాదు. వినే ప్రతి స్పీకరుకూ విడిగా పంపాలి. వెయ్యి స్పీకర్లుంటే అదే మాటను వెయ్యిసార్లు పంపాలి. దారి మాత్రం అందరికీ ఒకటే, అందులోనే వీడియోలు, ఫోన్లు, పిల్లల ఆటలు. ఆ ఇరుకులో ఈ స్పీకర్లు ఎలా నెట్టుకొస్తాయన్నదే ఇవాళ్టి మాట. రెండు ఉపాయాలున్నాయి. ఆలస్యం చేయడం ఒకటి, వదిలేయడం ఇంకొకటి. మిగతావన్నీ ఈ రెండింటి చుట్టూ తిరిగేవే.

ఆలస్యం గురించి చెప్పాలంటే మిమ్మల్ని గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని వాళ్లింటికి తీసుకెళ్లాలి. వంటింట్లో పాత ట్రాన్సిస్టర్, హాల్లో మనవడు కొనిపెట్టిన వైఫై స్పీకరు. పొద్దున్న ప్రాంతీయ వార్తల వేళకు రెండూ మోగుతాయి. పిన్ని పోపు పెడుతూ వింటుంది, బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టి వింటాడు. వంటింట్లో వార్తలు సమాప్తమని చెప్పేసరికి హాల్లో ఇంకా వాతావరణం నడుస్తూ ఉంటుంది. మధ్య గదిలో నిలబడితే ఒకే గొంతు ఒక చెవిలో ముందు, ఇంకో చెవిలో వెనక. పిన్నికి ఇది మహా సరదా. హాల్లోకి తొంగి చూసి రాబోయే వార్త ముందే చెప్పేస్తుంది. బాబాయికి మాత్రం అవమానంగా ఉంది. "ఏమిటమ్మా ఇది? అంత డబ్బు పోసి కొన్నది వెనకబడింది, ముప్పై ఏళ్ల నాటి డబ్బా ముందు చెబుతోంది!" అన్నాడు.

డబ్బా ముందు చెబుతున్న మాట నిజమే. కానీ కొత్త స్పీకరు చేతకాక వెనకబడలేదు. కావాలనే వెనక నిలబడింది.

ఎలాగో చూడండి. నెట్‌లో వచ్చే ప్రత్యక్ష ప్రసారాలు చాలావరకు హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతిలో నడుస్తాయి. 2009లో ఆపిల్ కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది. వార్తలు చదివేవారి మాటను ముక్కలు చేస్తారు. ముక్కకు ఆరు సెకన్లు అనుకుందాం. ఆరు సెకన్ల ముక్క తయారు కావాలంటే ముందు ఆరు సెకన్ల మాట చదవడం పూర్తి కావాలి కదా. అక్కడే ఆరు సెకన్లు వెనకబడ్డాం. ఆ ముక్కలు వరుసగా సర్వర్‌లో చేరుతుంటాయి. బాబాయి స్పీకరు అప్పుడే చేరిన ముక్కను అందుకోదు. చివరి నుంచి కనీసం మూడు ముక్కల దూరం వదిలి మొదలుపెట్టాలని ఆ పద్ధతిలోనే నియమం ఉంది. మూడు ఆర్లు పద్దెనిమిది. ముందరి ఆరు కలిపితే ఇరవై నాలుగు. దారిలో పట్టే సమయం కూడా కలుపుకుంటే అర నిమిషం దగ్గరికి వచ్చేశాం.

ఈ వెనకబాటు వల్ల వచ్చే లాభం ఏమిటి? మున్సిపాలిటీ నీళ్లు పొద్దున్న కాసేపు వస్తాయి, డాబా మీద ట్యాంకు నిండితే కుళాయి రోజంతా పోస్తుంది. స్పీకరు లోపల ఉండే బఫర్ అలాంటి ట్యాంకే. అందులో పద్దెనిమిది సెకన్ల వార్తలు ముందే నిండి ఉన్నాయనుకోండి, పది సెకన్లు నెట్ పూర్తిగా ఆగిపోయినా హాల్లో కూర్చున్న బాబాయికి తెలియదు. అర నిమిషం ఆలస్యం ఇచ్చి, పది సెకన్ల ఆటంకం నుంచి తప్పించుకున్నాం. నన్నడిగితే ఇది మంచి బేరమే. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: నెట్ స్పీకరు చెప్పే సమయం విని గోడ గడియారం సరిచేయకండి.

బాబాయి అంతటితో వదలలేదు. "వంద మెగాబిట్ల కనెక్షన్ పెట్టించాను. మాట వినిపించడానికి ఎంత కావాలమ్మా?" అని అడిగాడు. చాలా తక్కువ కావాలి. సెకనుకు 64 కిలోబిట్లు ఉంటే మాట హాయిగా వినిపిస్తుంది. వంద మెగాబిట్లలో అది పదిహేను వందల వంతుల్లో ఒక వంతు కూడా కాదు. అయినా రాత్రి ఎనిమిదింటికి ఆ స్పీకరు తడబడుతుంది. ఎందుకంటే ఆ వంద అనేది వైరు ఇంటి గుమ్మం దాకా తెచ్చే లెక్క. గుమ్మం నుంచి స్పీకరు దాకా వైఫై. వైఫైలో ఒక చానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు సాధారణంగా మూడే: ఒకటి, ఆరు, పదకొండు. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్లలో ఇరవై రౌటర్లుంటే అందరూ ఆ మూడింటి మీదే సర్దుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా ఆ పరిసరాల్లోనే. అంటే రోజు మొత్తం మీద చూస్తే దారి ఖాళీగానే ఉంటుంది, కావలసిన క్షణంలో మాత్రం దొరకదు.

అప్పుడు స్పీకరు ఏం చేస్తుంది? సర్వర్‌లో ప్రతి ముక్కనూ రెండు మూడు సైజుల్లో ఉంచవచ్చు. అలా ఉంచినచోట, ముందు తెచ్చుకున్న ముక్క రావడానికి ఎంతసేపు పట్టిందో స్పీకరు కొలుచుకుంటుంది. ఆరు సెకన్ల ముక్క ఒక సెకనులో వస్తే మరోసారి పెద్ద సైజు అడుగుతుంది. ఐదు సెకన్లు పట్టిందంటే, ఎవరికీ చెప్పకుండా చిన్న సైజుకు దిగిపోతుంది. పాట మధ్యలో తబలా మోత కాస్త మొద్దుబారినట్టు ఎప్పుడైనా అనిపిస్తే అది మీ చెవుల దోషం కాకపోవచ్చు.

ఇక రెండో ఉపాయం, వదిలేయడం. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో, ఎడమ, కుడి రెండు చానెళ్లకు రాస్తారు. గుణించి చూస్తే సెకనుకు పద్నాలుగు లక్షల బిట్లు దాటుతుంది. మన 64 కిలోబిట్లు ఇందులో ఇరవయ్యో వంతుకు తక్కువ. మిగతాదంతా ఎక్కడికి పోయింది? చెవికి అక్కరలేనిది తీసేశారు. దసరా రోజుల్లో వన్ టౌన్ సందుల్లో డప్పు మోగుతుంటే పక్కనున్న ఆవిడ చేతి గాజుల చప్పుడు మీకు వినిపించదు. గాజులు మోగుతూనే ఉంటాయి, డప్పు వాటిని కప్పేస్తుంది. వినిపించని గాజుల కోసం బిట్లు ఖర్చుపెట్టడం దేనికని, ఎంపీ3 మొదలుకొని ఈ పద్ధతులన్నీ వాటిని వదిలేస్తాయి. డప్పు ఆగిన క్షణంలో మాత్రం గాజులు వినిపించాలి. ధ్వనిని ఇలా కుదించి, మళ్లీ విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. అది సరిగ్గా చేసేదే మంచి కోడెక్.

దారి మరీ ఇరుకైతే వినిపించేది కూడా వదులుకోక తప్పదు. మొదట పోయేవి పై స్థాయి ధ్వనులు. పాతకాలపు టెలిఫోను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. స లాంటి అక్షరాల బుస ఎక్కువగా అంతకు పైనే ఉంటుంది. అందుకే ఫోన్లో పేర్లు చెప్పేటప్పుడు అక్షరం అక్షరం విడమర్చి చెప్పాల్సి వచ్చేది.

ఇంతవరకూ చెప్పింది వార్తల సంగతి. వార్తలు అర నిమిషం ఆగగలవు. రైలు ఆగదు. ఒక పెద్ద స్టేషన్లో ప్లాట్‌ఫారాలన్నిటా నెట్‌వర్క్ స్పీకర్లు పెట్టారనుకోండి. బండి ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెబితే, అది అర నిమిషం తర్వాత వినిపించి లాభం లేదు, సామానుతో మెట్లెక్కాల్సినవాళ్లు ఎక్కలేకపోతారు. ఇక్కడ ఆలస్యం అనే ఉపాయం పనికిరాదు. వదిలేయడం మీదే బతకాలి.

అందుకని మాటను ఆరు సెకన్లు కాదు, సెకనులో యాభయ్యో వంతు, అంటే ఇరవై మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, కోసినది కోసినట్టు పంపేస్తారు. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ అనే కోడెక్ ఈ పనిలో సిద్ధహస్తురాలు. సెకనుకు 6 కిలోబిట్ల నుంచి 510 కిలోబిట్ల దాకా ఎంత దారి ఉంటే అంతలో సర్దుకుంటుంది, వాడుకోవడానికి రాయల్టీ కట్టనక్కర్లేదు. సెకనుకు 24 కిలోబిట్ల చొప్పున పంపితే ఒక్కో ముక్కలో ఉండే మాట 60 బైట్లు (బైటంటే ఎనిమిది బిట్లు). దాని మీద రాయాల్సిన చిరునామా, వరుస సంఖ్య వగైరా సాధారణంగా 40 బైట్లు. మాట అరవై, పైన రాత నలభై! నాకు ఈ లెక్క చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. రాత ఖర్చు తగ్గించుకోవాలంటే మూడు ముక్కలు ఒకే కవరులో పెట్టవచ్చు. కానీ ఆ కవరు దారిలో పోతే మూడూ పోతాయి. ఎవరి ఇరుకును బట్టి వారు తేల్చుకోవాలి.

కవర్లు పోవడం ఇక్కడ మామూలే. మళ్లీ పంపమని అడిగే తీరిక లేదు, ఆ మాట వేళ దాటిపోతుంది. అందుకని స్పీకరు ఊహిస్తుంది. "బెజవాడ" అనే మాటలో "వా" దగ్గర ఇరవై మిల్లీసెకన్ల ముక్క పోతే, దానికి ముందున్న ధ్వనినే కాస్త సాగదీసి అతికిస్తుంది. వినేవాళ్లు గమనించరు. ఓపస్‌లో ఇంకో వెసులుబాటు ఉంది: ప్రతి కవరులోనూ దాని ముందు కవరులోని మాటను నాసిరకం నకలుగా కూడా పెట్టి పంపవచ్చు. అసలుది పోయినా నకలు పక్క కవరులో దొరుకుతుంది. వరసగా నాలుగైదు పోతే మాత్రం ఏ ఊహా పనిచేయదు, మాట మింగేసినట్టు వినిపిస్తుంది.

అన్నిటికన్నా చౌకైన ఉపాయం స్టేషన్లలో మనం ఎప్పటి నుంచో వింటున్నాం. "దయచేసి వినండి" అన్న మాటను ప్రతిసారీ ఎవరూ చదవరు. ముందే రికార్డు చేసిన ముక్కలను బండి సంఖ్యతో, ప్లాట్‌ఫారం సంఖ్యతో అతికించి వినిపిస్తారు. మెమరీ ఉన్న నెట్‌వర్క్ స్పీకరులోనూ ఆ పని చేయవచ్చు. రోజూ ఉండే ప్రకటనలను దాని కడుపులోనే పెట్టేస్తే, నెట్ మీద "ఫలానాది మోగించు" అన్న చిన్న ఆదేశం పంపితే చాలు.

కాలేజీలూ అపార్ట్‌మెంట్ సంఘాలూ ఈ స్పీకర్లు పెట్టించుకుంటున్నాయి కాబట్టి వారికి ఒక లెక్క. యాభై గదులకు 64 కిలోబిట్ల చొప్పున విడివిడిగా పంపితే 3.2 మెగాబిట్లు. మల్టీకాస్ట్ అనే పద్ధతిలో ఒక్క 64 కిలోబిట్ల ధారే బయలుదేరుతుంది, దారులు చీలినచోట స్విచ్‌లు అనే నెట్‌వర్క్ పెట్టెలే దానికి నకళ్లు తీసి పంచుతాయి. రేడియోకున్న గుణం కొంత ఇక్కడికి వచ్చినట్టే. ఇది ఆవరణ లోపలి నెట్‌వర్క్‌లోనే సాగుతుంది, బయటి ఇంటర్నెట్ మీద సాధారణంగా సాగదు. వైఫై మీద మల్టీకాస్ట్ బలహీనం, పోయిన ముక్కను మళ్లీ పంపే ఏర్పాటు మామూలుగా ఉండదు. కాబట్టి వైరు లాగించండి. గోడలు తవ్వాలని కాంట్రాక్టరు గొణిగినా సరే, లాగించండి.

ఇంట్లో వినేవాళ్లకు చెప్పేది ఇంకా చిన్న మాట. స్పీకరు తడబడగానే చాలామంది ఆపి మళ్లీ పెడతారు. అలా చేస్తే నిండిన బఫర్ కాస్తా ఖాళీ అయిపోయి, కథ మొదటికొస్తుంది. అలా చేయకండి. యాప్ సెట్టింగ్స్‌లో ఆడియో నాణ్యత దగ్గరికి వెళ్లి ఒక మెట్టు దించండి. 320 కిలోబిట్ల మీద గంటసేపు వింటే 144 మెగాబైట్లు ఖర్చు, 64 మీద 29 మెగాబైట్లు కూడా కాదు. సంగీత కచేరీ వింటున్నారా, మళ్లీ పైకి పెట్టుకోండి. వార్తలకు, పురాణ కాలక్షేపానికి, ఇలాంటి ప్రసంగాలకు కింది మెట్టు చాలు.

నమస్కారం.