గోడ మీద అపోలో, లిఫ్ట్‌లో థామస్!

సూటిగా చెప్పేస్తా, తిట్టుకున్నా పర్లేదు. పురాణ పురుషుల పెయింటింగ్ అబద్ధమాడుతుంది, దానికి ముందు వేసుకున్న స్కెచ్ ఆడదు! అమెరికాలోని బోస్టన్ గొడవ వినండి. జాన్ సింగర్ సార్జెంట్ అనే అమెరికన్ చిత్రకారుడు అక్కడి ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో గోపురం కింద గ్రీకు దేవుడు అపోలోని వేశాడు, 1921లో అందరికీ చూపించారు, పాలరాతిలా తెల్లటి ఒళ్లు, ఆహా గ్రీకు అందం అన్నారు. మరి ఆ ఒంటికి పోజిచ్చిందెవరు? థామస్ మెక్‌కెల్లర్. నల్లజాతి మనిషి, వెండోమ్ అనే హోటల్లో లిఫ్ట్ నడిపేవాడు. అపోలో ఒక్కడికే కాదండోయ్, ఆడా మగా తేడా లేకుండా అక్కడి చాలా బొమ్మలకి ఆయనే మోడల్!

2020లో బోస్టన్‌లోనే ఉన్న గార్డ్‌నర్ మ్యూజియం ఆ బొగ్గు స్టడీల్ని, అంటే థామస్‌ని చూసి సార్జెంట్ ముందుగా వేసుకున్న స్కెచ్‌లని, బయటపెట్టి చూపించేసరికి కదా రచ్చ మొదలైంది. కాగితం మీద మనిషి మనిషిలా ఉన్నాడు. అదే ఒళ్లు గోడెక్కేసరికి రంగు మారింది, మొహం మారింది, పేరు గల్లంతు.

"మోడల్ అంటే అంతే కదా బ్రో, అందరూ చేసేదే" అంటున్నారు కొందరు. అవునండీ, మైకెలాంజెలో కూడా చేశాడు. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ కప్పు మీద లిబియా సిబిల్ అని జోస్యం చెప్పే ఆడమనిషి ఉంటుంది చూడండి, దాని ఎర్రసుద్ద స్టడీ న్యూయార్క్ మెట్ మ్యూజియంలో ఉంది, అందులో వీపు పక్కా మగవాడిది! ఒళ్లంతా మెలితిరిగి, బరువంతా కాలి బొటనవేలి మీద పడింది, ఆ వేలు కుదరక కాగితం అడుగున మళ్లీ మళ్లీ వేసుకున్నాడు మహానుభావుడు. ఒక్క వేలి కోసం అంత తంటా! తడి సున్నం మీద రంగేశాక దిద్దుకోవడం కష్టం మరి, అందుకే గుంజాటనంతా ముందే సుద్దతో తేల్చుకోవాలి. నన్నడిగితే అసలు బొమ్మ అదే, పైన ఉన్నది ఫెయిర్ కాపీ.

కానీ మగ వీపుని ఆడదాన్ని చేయడం, బతికున్న నల్లవాడి ఒంటికి తెల్లరంగేసి దేవుణ్ణి చేయడం ఒకటేనా? నేనైతే ఒప్పుకోను. "సార్జెంట్ స్టడీల్ని దాచలేదుగా, ఆ గార్డ్‌నర్ మ్యూజియం పెట్టిన ఇసబెల్లా గార్డ్‌నర్‌కి తనే ఇచ్చాడుగా" అంటారేమో. ఇచ్చాడు, డబ్బున్న స్నేహితురాలికి ఇచ్చాడు. జనమంతా తలెత్తి చూసే గోడకి మాత్రం తెల్ల అపోలోనే ఇచ్చాడు.