నోటు చించేశారు: సిలువ గురించి హైదరాబాద్ శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. గుడ్ ఫ్రైడే దగ్గర పడింది. ఆ రోజు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా జంటనగరాల చర్చిల్లో యేసు సిలువ మీద పలికిన 7 మాటలను ధ్యానిస్తారు. సిలువ మన ఇంటి కష్టానికి ఏమి చెబుతుందో అడగడానికి ఈ రాత్రి మన స్టూడియోలో పాస్టర్ గారు ఉన్నారు. మొదటి ఫోను ఉప్పల్ నుంచి. చెప్పండి.

ఉప్పల్ శ్రోత: వందనాలు అయ్యగారూ. నేను క్యాబ్ నడుపుతానండి. పోయిన ఆగస్టులో మా అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆ రాత్రి నాకు శంషాబాద్ విమానాశ్రయానికి కిరాయి దొరికింది. ఫోను సైలెంట్‌లో పెట్టాను. అమ్మ పక్క మంచం వాళ్ళ ఫోను అడిగి తీసుకుని ఆరుసార్లు చేసింది. తెల్లవారుజామున చూసుకునేసరికి అమ్మ లేదు. ఆ ఆరు మిస్డ్ కాల్స్ ఇంకా నా ఫోనులోనే ఉన్నాయి. తుడిచేయలేను, చూడనూ లేను.

పాస్టర్: తొందరేమీ లేదు బాబూ. మీవాళ్ళు ఏమంటున్నారు?

ఉప్పల్ శ్రోత: నీ తప్పేమీ లేదు, దేవుని చిత్తం అంటారు. ఆ మాట వింటే ఇంకా మండుతుందండి. ఫోను సైలెంట్‌లో పెట్టింది కిరాయి కోసం ఒక్కటే కాదు. ముందురోజు మందుల ఖర్చు గురించి అమ్మతో గట్టిగా మాట్లాడాను. మళ్ళీ అదే గొడవ వస్తుందని పెట్టాను.

పాస్టర్: అయితే నేను కూడా మీ తప్పేమీ లేదు అనను. అలా అంటే మీరు మోస్తున్న బరువును చూడనట్టే. మన ఊళ్ళలో అప్పు చేస్తే ప్రామిసరీ నోటు రాస్తారు కదా, స్టాంపు అంటించి, దాని మీద సంతకం పెట్టి. డబ్బు కట్టేసినా ఆ నోటు అవతలివాడి పెట్టెలో ఉన్నంతకాలం నిద్ర పట్టదు. మన కళ్ళముందు చించేస్తేనే ప్రాణం కుదుటపడుతుంది. కొలస్సీ పత్రిక 2:14లో పౌలు సరిగ్గా ఈ సంగతే రాశాడు. మన మీద ఋణంగా, మనకు విరోధంగా ఉన్న పత్రాన్ని దేవుడు "మేకులతో సిలువకు కొట్టి" తీసివేశాడన్నాడు. అప్పే లేదని అనలేదు చూడండి. నోటు ఉంది, సంతకం మనదే. కాని ఇప్పుడది చెల్లని కాగితం, పదిమందీ చూసేచోట మేకుకు వేలాడుతోంది.

ఉప్పల్ శ్రోత: దేవుడు క్షమించాడనే అనుకుందామండి. అమ్మ క్షమించిందో లేదో?

పాస్టర్: అది నేను చెప్పలేను. చెబితే అబద్ధమవుతుంది. ఒక్కటి మాత్రం నమ్ముతాను. సిలువ మీద ఊపిరి తీసుకోవడమే కష్టమైన వేళ యేసు కింద నిలబడ్డ తల్లిని చూశాడు. ప్రియ శిష్యుడితో "ఇదిగో నీ తల్లి" అని ఆమెను అప్పగించాడు. అంత నొప్పిలోనూ తల్లిని మరవని ఆయన మీ అమ్మగారిని ఆ గదిలో ఒంటరిగా వదిలిపెట్టలేదు. నేను సమాధుల దగ్గర నిలబడి ప్రార్థించేది ఆ నమ్మకంతోనే. అది సరే, ఆ నంబరుకు మీరు ఎప్పుడైనా తిరిగి ఫోను చేశారా?

ఉప్పల్ శ్రోత: ఏ నంబరుకండీ?

పాస్టర్: ఆ ఆరు కాల్స్ వచ్చిన నంబరుకు. పక్క మంచం వాళ్ళది. చివరి గంటల్లో మీ అమ్మగారి పక్కన ఉన్నది వాళ్ళే.

ఉప్పల్ శ్రోత: (కాసేపు మాట లేదు) లేదండి. ఏమి వినాల్సి వస్తుందోనని భయం.

పాస్టర్: భయమే మరి. ఒంటరిగా చేయకండి, ఇంట్లో ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. అమ్మకు ఫోను ఇచ్చినందుకు ముందు వాళ్ళకు కృతజ్ఞతలు చెప్పండి. తరువాత వాళ్ళు ఏమి చెప్పినా వినండి. మీరు కోరుకున్న మాట వినపడవచ్చు, వినపడకపోవచ్చు. నోటు మాత్రం చిరిగిపోయింది. అది ఆ ఫోను మీద ఆధారపడి లేదు.

ఉప్పల్ శ్రోత: చేస్తానండి. రేపు డ్యూటీ అయ్యాక చేస్తాను.

వ్యాఖ్యాత: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక శ్రోత. బండికి సిలువ కట్టుకుంటే ప్రమాదాలు తప్పుతాయా అని అడుగుతున్నారు.

పాస్టర్: ఇష్టంగా కట్టుకోండి, తప్పేమీ లేదు. తాయెత్తులాగా మాత్రం వద్దు. ఆ సిలువ మీది మనిషి తన ప్రాణాన్ని కాపాడుకోలేదు కదా. హెల్మెట్ మానకండి.

వ్యాఖ్యాత: తరువాత మల్కాజ్‌గిరి నుంచి. చెప్పండమ్మా.

మల్కాజ్‌గిరి శ్రోత: వందనాలు అయ్యగారూ. నా భర్త తాగి వచ్చి కొడతాడండి. పెళ్ళయి పదకొండేళ్ళు. మా సంఘ పెద్దలకు చెప్పుకుంటే, ఎవరి సిలువ వాళ్ళు మోయాలి, ఓర్చుకో తల్లీ అన్నారు. ఓర్చుకుంటూనే ఉన్నాను. ఈ మధ్య పిల్లవాడి మీద కూడా చెయ్యి పడుతోంది.

పాస్టర్: అమ్మా, ఆ పెద్దలు చెప్పింది తప్పు. ఒక పాస్టరుగా వాళ్ళ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. మీ భర్త చెయ్యి మీ సిలువ కాదు. అది అతని పాపం, అంతే. సిలువ ఎత్తుకుని నన్ను వెంబడించండి అని యేసు అన్నది తన వెంట నడవమని, ఎవరి దెబ్బలకైనా వీపు చూపించమని కాదు. నజరేతులో కొండ అంచు నుంచి తోసేయబోతే ఆయన వాళ్ళ మధ్య నుంచి దాటి వెళ్ళిపోయాడు, లూకా 4వ అధ్యాయం. దేవాలయంలో రాళ్ళు ఎత్తితే దాగి బయటికి వెళ్ళాడు, యోహాను 8. ప్రధాన యాజకుడి ముందు ఒక బంట్రోతు చెంప మీద కొడితే తల వంచుకుని ఊరుకోలేదు. "నన్నేల కొట్టుచున్నావు" అని సూటిగా అడిగాడు. సిలువను మాత్రం ఆయన తానే ఎంచుకున్నాడు. నా ప్రాణాన్ని ఎవడూ తీసుకోడు, నేనే పెడుతున్నానన్నాడు. మీరు ఎంచుకున్నారా ఈ దెబ్బలను?

మల్కాజ్‌గిరి శ్రోత: లేదండి.

పాస్టర్: అయితే దాటి వెళ్ళడం మీకు తప్పు కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181. ఏ సమయంలోనైనా ఎత్తుతారు, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. ప్రాణం మీదికి వస్తే 112. గృహహింస చట్టం 2005లోనే వచ్చింది. రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కూ అడగవచ్చు. మీ పుట్టింటివాళ్ళు ఎక్కడ?

మల్కాజ్‌గిరి శ్రోత: మా అన్నయ్య ఇక్కడే, అల్వాల్‌లో ఉంటాడండి. పరువు పోతుందని చెప్పలేదు.

పాస్టర్: ఈ రాత్రే చెప్పండి. ఆధార్ కార్డులు, పిల్లవాడి బడి కాగితాలు ఒక సంచిలో పెట్టుకోండి. అతన్ని క్షమించడం గురించి తరువాత, మీరు భద్రంగా ఉన్నచోట కూర్చుని మాట్లాడుకుందాం. లైను పెట్టేయకండి, మా అమ్మాయి మీ నంబరు రాసుకుంటుంది.

వ్యాఖ్యాత: చివరి ఫోను అశోక్ నగర్ నుంచి.

అశోక్ నగర్ శ్రోత: నమస్కారం సార్. మేము హిందువులం, ఇంట్లో రాముణ్ణి కొలుస్తాం. రాముడు రావణుణ్ణి గెలిచాడు. ఓడిపోయి చనిపోయినవాణ్ణి దేవుడని ఎందుకంటారు? కోపంతో అడగడం లేదు సార్.

పాస్టర్: అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. రోమ్ రాజ్యంలో సిలువ అంటే బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. స్పార్టకస్ అనే బానిస నడిపిన తిరుగుబాటును అణిచాక, క్రీ.పూ. 71లో, కపువా నుంచి రోము దాకా దారి పొడవునా 6,000 మందిని వేలాడదీశారు. చంపడం ఒక్కటే కాదు, సిగ్గుతో చంపాలి, అదీ వాళ్ళ ఉద్దేశం. అలా పోయినవాణ్ణి దేవుడనడం వెర్రితనంగా కనిపిస్తుందని పౌలే ఒప్పుకున్నాడు. ఆయన మూడో రోజున లేచాడని మేము నమ్ముతాం కాబట్టి ఓడిపోయాడనము. కాని ఆ సిగ్గు నిజం. హెబ్రీ పత్రిక "అవమానమును నిర్లక్ష్యపెట్టి" సిలువను సహించాడంటుంది. తలెత్తుకోలేని మనిషి దగ్గరికి రావడానికి ఆయన ఆ దారే ఎంచుకున్నాడు. అది సరే, ఇంత రాత్రివేళ మీకు ఓటమి గుర్తుకు రావడానికి కారణం ఏమిటి?

అశోక్ నగర్ శ్రోత: (ఆగి) గ్రూప్స్ రాయడం ఇది మూడోసారి సార్. పోయింది. నాన్న పొలం కౌలుకిచ్చి నన్ను కోచింగ్‌లో చేర్పించారు. పది రోజులుగా ఆయన ఫోను ఎత్తడం లేదు. ఇందాక ఆ క్యాబ్ అన్న మాటలు విని, గదిలోంచి మేడ మీదికి వచ్చి మీకు చేశాను.

పాస్టర్: మేడ మీద ఉన్నారా? సూటిగా అడుగుతున్నాను. చనిపోవాలనిపిస్తోందా?

అశోక్ నగర్ శ్రోత: మొన్న అనిపించింది. ఇప్పుడు లేదు సార్.

పాస్టర్: చెప్పి మంచిపని చేశారు. ముందు కిందికి దిగండి, దిగుతూనే మాట్లాడండి. మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. మీ గదిలో మిత్రుడు ఉన్నాడా? అతనికీ ఈ మాట చెప్పండి. యేసు సిలువనే కొంతదూరం ఇంకొకరు మోశారు తమ్ముడూ. పొలం నుంచి వస్తున్న సీమోను అనే మనిషిని పట్టుకుని భుజాన పెట్టించారు. మీ బరువుకు ఇంకో భుజం అడగడంలో సిగ్గేమీ లేదు.

అశోక్ నగర్ శ్రోత: దిగాను సార్. నాన్న పడుకుని ఉంటారేమో.

పాస్టర్: లేపండి. పది రోజులుగా ఆయనకు మాత్రం నిద్ర ఎక్కడిది?

అశోక్ నగర్ శ్రోత: సరే సార్. ఉంటాను.

వ్యాఖ్యాత: ఇంకా రెండు నిమిషాలు ఉంది పాస్టర్ గారూ. మరో ఫోను తీసుకుందామా?

పాస్టర్: వద్దండి. ఆ లైను ఖాళీగా ఉంచండి. వాళ్ళ నాన్నగారు ఎత్తకపోతే ఆ అబ్బాయి మళ్ళీ మనకే చేస్తాడు.