మిగిలిన ఎముక కోసం
(కంప్లీట్ డెంచర్, అంటే పూర్తి పళ్ల సెట్టు, చేసే క్లినిక్‌లో అడుగుపెడుతున్న దంతవైద్య విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కొన్నేళ్ల కిందట రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు నా దగ్గరికి వచ్చారు. కట్టుడు పళ్లలో పై సెట్టు నోట్లో ఉంది. కింది సెట్టు మాత్రం చేతిరుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "పెళ్లిళ్లకూ ఫొటోలకూ పెట్టుకుంటానండీ" అన్నారు. ఇంట్లో పప్పన్నం మెత్తగా పిసికి మింగుతున్నారట. సెట్టు చేతిలోకి తీసుకుని చూశాను. పళ్ల వరస చక్కగా ఉంది, పాలిష్ అద్దంలా మెరుస్తోంది. కానీ వెనక వైపు అంచులు పొట్టిగా ఆగిపోయాయి. నోట్లో పెట్టించి మాట్లాడమంటే రెండు వరసలూ టకటకా కొట్టుకుంటున్నాయి.

ఇన్నాళ్లూ మీరు ల్యాబ్‌లో ప్లాస్టర్ మోడళ్ల మీద పళ్లు అమర్చారు. మోడల్‌కు పుండు పడదు, దాని ఎముక కరగదు. రేపటి నుంచి మనిషి నోట్లో పనిచేస్తారు కాబట్టి ఇవాళ పళ్ల గురించి కన్నా వాటి కింద ఉండే ఎముక గురించే ఎక్కువ మాట్లాడతాను.

సొంత పళ్లు ఉన్నప్పుడు వాటిని ఎముకకు పట్టి ఉంచే పెరియోడాంటల్ లిగమెంట్ విస్తీర్ణం ఒక్కో దవడలో సుమారు 45 చదరపు సెంటీమీటర్లు. పళ్లన్నీ పోయాక సెట్టు ఆనడానికి పై దవడలో సుమారు 23, కింది దవడలో 12 మాత్రమే మిగులుతాయి. మీ జేబులో పది రూపాయల నాణెం ఉంటే తీసి చూడండి. అలాంటివి నాలుగు పరిస్తే పై దవడ, రెండు పరిచి ఇంకాస్త చోటు కలిపితే కింది దవడ. నమలడంలోని బరువంతా మోయాల్సింది ఆ కాస్త చోటులోని పలుచని చిగురే. టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన అధ్యయనంలో సెట్లు వాడేవాళ్లను 25 ఏళ్ల పాటు గమనించారు. ముందు భాగంలో కింది దవడ ఎముక పై దవడకన్నా దాదాపు నాలుగు రెట్లు తరిగిపోయింది. మాస్టారి జేబులో కింది సెట్టే ఎందుకు ఉందో ఈ లెక్కలు చూస్తే అర్థమవుతుంది.

సపోర్ట్ (బరువు మోసే ఆధారం), స్టెబిలిటీ (పక్కలకు జరగకపోవడం), రిటెన్షన్ (ఊడి రాకపోవడం) అని మీరు పరీక్షలో రాసే మూడు మాటల్లో సపోర్టే మొదటిదని నా నమ్మకం. బరువును ఎక్కడ మోపాలో, ఎక్కడ మోపకూడదో ఇంప్రెషన్ (నోటి అచ్చు) తీసేటప్పుడే తేలిపోతుంది. కింది దవడలో బక్కల్ షెల్ఫ్, అంటే వెనక చెంప వైపు ఉండే చదునైన చోటు, గట్టి కార్టికల్ (పై పొర) ఎముక. నమిలే బరువు దాని మీద నిటారుగా పడుతుంది, కాబట్టి మోయగలదు. రిడ్జ్, అంటే పళ్లు పోయాక మిగిలే ఎముక గట్టు, దాని శిఖరం అంత బరువు మోయలేదు. అందుకే అచ్చు తీయడానికి ఆ నోటి కొలతకే చేసే స్పెషల్ ట్రే బక్కల్ షెల్ఫ్‌ను పూర్తిగా కప్పాలి, వెనక చివర ఉండే మెత్తని దిండు లాంటి రెట్రోమోలార్ ప్యాడ్ దాకా వెళ్లాలి. పై దవడలో ఇన్సిసివ్ పాపిల్లా (ముందు పళ్ల వెనక ఉండే చిన్న చిగురు బుడిపె) మీద, అంగిలి నడిమి గీత మీద వత్తిడి పడకుండా రిలీఫ్ (కాస్త ఖాళీ) ఇవ్వాలి. ట్రే అంచులను నోటికి తగ్గట్టు మలిచే బార్డర్ మోల్డింగ్‌లో, వేడికి మెత్తబడే గ్రీన్ స్టిక్‌ను కొద్దికొద్దిగా వేసి పెదవిని, చెంపను, నాలుకను కదిలించండి. తొందరపడి ఒకేసారి అన్ని వైపులా పూయకండి. అంచు పొడవైతే పుండు పడుతుంది, మర్నాడే పేషెంట్ వచ్చి చెబుతారు. అంచు పొట్టిదైతే ఎవరూ వచ్చి చెప్పరు. ఎముక మౌనంగా కరుగుతుంది. మాస్టారికి జరిగింది అదే.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చే పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉన్నవాళ్లు ఉంటారు. చుట్ట నిప్పు కొసను నోటిలోపల పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద తెల్లని, ఎర్రని మచ్చలు వస్తాయి, క్యాన్సర్ కూడా రావచ్చు. ట్రే నోట్లో పెట్టే ముందు అంగిలిని లైటు వేసి చూడండి. అనుమానం కలిగితే సెట్టు సంగతి పక్కన పెట్టి బయాప్సీకి పంపండి. మచ్చను సెట్టుతో కప్పేసి పంపితే అది ఎవరి కంటా పడకుండా పెరుగుతుంది.

తర్వాతిది ఎత్తు. దవడ విశ్రాంతిగా ఉన్నప్పుడు పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అదే ఫ్రీవే స్పేస్. పళ్లు అమర్చే మైనపు గట్లు, అంటే రిమ్‌లు, ఎత్తుగా ఉంచి ఆ ఖాళీని మింగేస్తే కండరాలకు విశ్రాంతి ఉండదు, పళ్లు తగులుతూనే ఉంటాయి, ఎముక రాత్రింబవళ్లు నలుగుతుంది. దీన్ని కనిపెట్టడానికి స్కేలు కన్నా మాట నమ్మదగిన సాధనం. "స" అనేటప్పుడు ముందు పళ్లు దగ్గరికి వస్తాయి గానీ తగలకూడదు. తగిలితే ఎత్తు ఎక్కువైనట్టే. ఇంగ్లిష్ పుస్తకం అరవై నుంచి అంకెలు లెక్కపెట్టించమంటుంది, ఎందుకంటే వాళ్ల భాషలో అరవై మొదట్లోనే "స" ఉంది. మన పేషెంట్ చేత అరవై ఒకటి, అరవై రెండు అని లెక్కపెట్టిస్తే అరవై తొమ్మిది దాకా ఒక్క "స" కూడా దొరకదు. సరస్వతి, సీసా, సంక్రాంతి అనిపించండి. "మామ" అనిపించి పెదవులు కలిసిన చోట దవడను ఆపితే విశ్రాంతి స్థితి తెలుస్తుంది. "కాఫీ" అన్నప్పుడు పై ముందు పళ్ల అంచు కింది పెదవి తడి, పొడి కలిసే గీతను తాకాలి. పళ్లు పొడవైతే ఆ మాట "కావీ"లా వినిపిస్తుంది. మనం "త", "ద" అనేటప్పుడు నాలుక కొస పై పళ్ల వెనక తగులుతుంది. పళ్లు మరీ లోపలికి కూర్చుంటే "త" కాస్తా "ద" వైపు జారుతుంది. "పెళ్లి", "వీణ" అనడానికి నాలుక వెనక్కి మడిచి అంగిలిని తాకాలి. అక్కడ ప్లేటు దళసరిగా ఉంటే ఆ అక్షరాలు తడబడతాయి. మాస్టారు పద్యం చదవడం మానేశానని చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. మైనం మీద అమర్చిన పళ్లను నోట్లో పెట్టి చూసే ట్రయల్ రోజున పేషెంట్‌ను కనీసం పది నిమిషాలు మాట్లాడించండి. మైనం మీద పళ్లు జరపడం తేలిక, అక్రిలిక్ (సెట్టు తయారయ్యే ప్లాస్టిక్) అయ్యాక చేయగలిగింది తక్కువ.

అక్రిలిక్ గురించి క్లుప్తంగానే చెబుతాను. సెట్టు అచ్చు ఉండే ఫ్లాస్క్‌ను నేరుగా మరిగే నీళ్లలో వేయకండి. అక్రిలిక్‌లో కలిపే ద్రవం, అంటే మోనోమర్, 100.8 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దళసరి భాగాల్లో గట్టిపడేటప్పుడు పుట్టే వేడి దాన్ని దాటితే లోపల బుడగలు మిగులుతాయి. 74 డిగ్రీల దగ్గర 2 గంటలు, తర్వాత 100 డిగ్రీల దగ్గర 1 గంట ఉంచి, బయట నెమ్మదిగా చల్లారనివ్వండి. ఎంత జాగ్రత్తపడ్డా అక్రిలిక్ కొంత కుంచించుకుంటుంది, పళ్లు కొద్దిగా కదులుతాయి. అందుకే సెట్టు ఇచ్చే ముందు దవడల కదలికను అనుకరించే ఆర్టిక్యులేటర్ మీద రీమౌంట్ చేసి (మళ్లీ బిగించి), ముందుగా తగిలే చోట్లు గ్రైండ్ చేయాలి. ఆ పని చేయని సెట్టు మీద నేను సంతకం పెట్టను.

రాత్రి సెట్టు తీసి నీళ్లలో వేయమని పేషెంట్‌కు చెప్పండి. ఇంట్లోవాళ్లకూ చెప్పండి. రాత్రంతా పెట్టుకుని పడుకుంటే సెట్టు కింద క్యాండిడా అనే ఫంగస్ పెరిగి చిగురు ఎర్రబడుతుంది, ఎముకకు ఒక్క గంట కూడా విరామం దొరకదు.

మాస్టారికి కొత్త సెట్లు చేశాం. అంచులు పెంచాం, ఎత్తు తగ్గించాం. ఆయన ఇప్పుడు పప్పన్నంతో పాటు చపాతీ కూడా తింటున్నారు. అయినా కింది సెట్టు పూర్తిగా నిలవదు. ఎందుకంటే ఆయనకు చివరిదాకా గట్టిగా నిలిచిన కింది కోరపళ్లు రెండింటినీ, ఎలాగూ రెండే కదా అని, తీయించేశారు. క్రమ్, రూనీ 1978లో ప్రచురించిన అధ్యయనాన్ని ఆ రోజు నేను మళ్లీ తీసి చదివాను. 5 ఏళ్లలో, కోరపళ్ల వేర్లు ఉంచి వాటి మీద సెట్టు చేసినవాళ్లకు కింది దవడ ముందు భాగంలో ఎముక ఎత్తు సగటున 0.6 మిల్లీమీటర్లు తగ్గింది. పళ్లన్నీ తీయించుకున్నవాళ్లకు 5.2 మిల్లీమీటర్లు తగ్గింది. అన్నీ పోయినవాళ్లకు కింద రెండు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే లోహపు వేర్లు) పెట్టి వాటి మీద సెట్టు బిగించే మార్గం ఉంది, వీలైనవాళ్లకు చెప్పండి. కానీ ఆ ఖర్చు భరించలేనివాళ్లే మన ఓపీలో ఎక్కువ. వాళ్ల దగ్గర ఉన్న వేరును మనం తీసేయకుండా ఉండటానికి పైసా ఖర్చు లేదు.

రేపు మీ కుర్చీలో కూర్చునే పేషెంట్‌కు కింది కోరపళ్లు కదలకుండా ఉంటే, ఎక్స్‌ట్రాక్షన్ (పళ్లు తీసే) కాగితం మీద సంతకం చేసే ముందు నన్ను పిలవండి. నేను వచ్చి చూస్తాను.