చర్చా కార్యక్రమం: విశాఖ బోర్లు ఎందుకు ఎండుతున్నాయి?

యాంకర్: నమస్కారం. మధురవాడ, కొమ్మాది, పెందుర్తి వైపు ఊరు పెరిగిపోతోంది. పునాది కన్నా ముందు బోరు పడుతోంది. మే నెలొస్తే ట్యాంకర్ల కోసం ఫోన్లే ఫోన్లు. సార్, ఇంకా లోతుకు వేస్తే నీళ్లు పడవా?

భూగర్భ జల నిపుణుడు: మన కింద ఉన్నది ఎక్కువగా ఖోండలైట్ రాయి. పైన ఆ రాయి శిథిలమైన పొర, దాని కింద రాతి పగుళ్లు. నీళ్లుండేది వాటిలోనే. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, దుమ్మే లేస్తుంది. ఒకవేళ పడినా అవి చాలాసార్లు పక్కవాళ్ల బోరుకు అందే నీళ్లే.

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి: మాకు అదే జరిగిందండీ. పక్క బ్లాకు వాళ్లు లోతుగా వేశాక మా మోటారు గాలి పీలుస్తోంది. కుళాయి నీళ్లు చాలని చోట బోరే గతి కదా! ఇంకుడు గుంత కూడా ఉంది, లాభం లేదు.

నిపుణుడు: దాన్ని ఎప్పుడు శుభ్రం చేశారు?

కార్యదర్శి: చేయలేదండీ. ప్లాన్ అప్రూవల్ కోసం బిల్డర్ తవ్వించాడు, అంతే.

నిపుణుడు: చిక్కంతా అక్కడే. డాబా మీది దుమ్ము, కుళ్లిన ఆకులు కొట్టుకొచ్చి ఇసుక మీద జిగురులా పేరుకుంటాయి. ఇక నీళ్లు నిలుస్తాయి గానీ ఇంకవు. వానలకు ముందు పై ఇసుక తీసి కడిగి మళ్లీ పోయండి. తొలి వాన నీటిని బయటికి వదిలేయండి. వంద చదరపు మీటర్ల డాబా మీద 1,000 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు! ఇక్కడ ఏడాదికి దాదాపు అంత వాన పడుతుంది. చాలావరకు గెడ్డల్లో, అంటే వాగుల్లో పడి సముద్రంలోకి పోతోంది.

యాంకర్: బీచ్ వైపు ఉప్పునీళ్ల మాటేమిటి?

నిపుణుడు: అది ఇంకా ప్రమాదం. తీరంలోని ఇసుక నేలల్లో, సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్లు నిలిస్తే, ఆ మట్టానికి కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీళ్లే ఉంటాయని లెక్క. తోడేసి అర మీటరు తగ్గించారంటే, కాలక్రమంలో ఉప్పునీళ్లు 20 మీటర్లు పైకొస్తాయి. ఒకసారి ఎక్కిన ఉప్పు ఒక్క వానాకాలంతో పోదు.

ఆనందపురం మహిళా రైతు: ట్యాంకర్ల నీళ్లు ఎక్కడివో ఎవరూ అడగరేం బాబూ? మా ఊళ్లవే. తెల్లారకముందే పొలం పక్క బోరు దగ్గర బళ్లు వరస కడతాయి. మా బంతి తోటకి తడి పెట్టే వేళకి ధార వేలంత సన్నమైపోతుంది.

యాంకర్: చట్టం లేదా సార్?

నిపుణుడు: 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు. కానీ ఏ బోరు ఎంత తోడుతోందో లెక్క లేకపోతే ఎవర్ని ఆపుతాం? ప్రతి బోరుకీ మీటరు పెట్టాలి.

కార్యదర్శి: మీటరంటే రేపు బిల్లు కూడా వస్తుందని మావాళ్ల భయం.

రైతు: మీ ఇళ్ల సంగతి తర్వాత. ముందు నీళ్లమ్ముకునే బోర్లకి పెట్టమనండి.

నిపుణుడు: ఆమె అన్నది సబబు. మొదటి మీటర్లు అక్కడే పెట్టాలి.