సోంపు నమిలితే పోయే వాసన కాదిది

నమస్తే అండీ. మన కడపలో కారం దోశ తిన్నాక గుప్పెడు సోంపు నోట్లో వేసుకోవడం అందరికీ అలవాటే. పది నిమిషాలు బాగుంటుంది, తర్వాత మళ్లీ నోటి నుంచి అదే కంపు. ఇక 'పొట్ట బాగాలేదు' అనుకుని గ్యాస్ మాత్రలు మొదలుపెడతారు. నిజానికి చాలామందిలో ఆ వాసన పుట్టేది పొట్టలో కాదు, నోట్లోనే. నాలుక వెనక భాగంలో, పళ్ల సందుల్లో మిగిలిన తిండిని బ్యాక్టీరియా కుళ్లబెడుతుంది. అప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి గంధకపు వాయువులు వస్తాయి. కుళ్లిన గుడ్డు కంపు కూడా దానిదే.

వెల్లుల్లి సంగతి మాత్రం వేరు. అది రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచి వస్తుంది కాబట్టి ఎంత తోమినా వెంటనే పోదు. దానికి టెన్షన్ పడొద్దు, మర్నాటికి తగ్గుతుంది.

ముందు నాలుక చూద్దాం. అద్దం ముందు నాలుక బాగా చాపండి. కొస ఎర్రగానే ఉంటుంది, వెనక్కి పోయేకొద్దీ తెల్లగా, పసుపుగా పాచి కనిపిస్తుంది. మనలో చాలామంది ముందు భాగం గీకి వదిలేస్తారు. నాలుకబద్దను వీలైనంత వెనక పెట్టి, మెల్లగా ముందుకు లాగండి. డోకు వస్తే ఊపిరి వదులుతూ లాగండి. బద్ద మీద జిగటగా వచ్చినదాన్ని ఒకసారి వాసన చూడండి, ఎవరూ చెప్పక్కర్లేదు. బద్ద కడిగి, ఇంకో మూడు నాలుగు సార్లు లాగితే చాలు. రక్తం వచ్చేలా గీకొద్దు.

తర్వాత పళ్ల సందులు. సంగటి, నాటుకోడి తిన్నాక ఇరుక్కున్న పీచును పిన్నీసుతో కెలికేవాళ్లున్నారు, దయచేసి ఆపండి. మెడికల్ షాపులో ఫ్లాస్ దారం దొరుకుతుంది. రాత్రి పడుకునే ముందు అది వాడి, ఫ్లోరైడ్ పేస్టుతో రెండు నిమిషాలు తోముకోండి. నన్నడిగితే పొద్దుటి బ్రష్ కన్నా రాత్రిదే ముఖ్యం, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కదా! వేపపుల్ల మంచిదే కానీ దవడపళ్ల లోపలి వైపుకు అందదు. ఇటుక పొడి, బొగ్గు అయితే పళ్లనే అరగదీస్తాయి.

మన ఎండలకు నోరు ఎండిపోయినా వాసన వస్తుంది, నీళ్లు తాగుతూ ఉండండి. గుట్కా, ఖైనీ మానకుండా ఇవన్నీ చేసి లాభం లేదు. కట్టుడు పళ్లున్న పెద్దవాళ్లు రాత్రి వాటిని తీసి, శుభ్రంగా తోమి నీళ్లలో వేయాలి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ చెప్పినన్ని రోజులే. ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి.

పళ్ల మీద పేరుకున్న గార గట్టిపడితే బ్రష్‌కు రాదు, డెంటిస్టు దగ్గర తీయించుకోవాల్సిందే. 'గార తీయిస్తే పళ్లు కదులుతాయి' అంటారు. కాదండీ, గార వల్ల చిగురు, ఎముక దెబ్బతిని పళ్లు అప్పటికే వదులై ఉంటాయి, అది తీశాక బయటపడుతుంది. కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడ చూపించుకోవచ్చు. పళ్లూ చిగుళ్లూ బాగున్నాయని చెప్పినా వాసన పోకపోతే అప్పుడు టాన్సిల్స్, సైనస్, షుగర్ పరీక్ష చేయించుకోండి.