స్లైడ్ వెనుక నమూనా: పని అంతా అంచుల దగ్గరే

నమస్కారం. స్లైడ్‌లకు నమూనా బ్యాక్‌గ్రౌండ్ పెట్టి విసిగిపోయామని చెప్పేవారిలో చాలామంది చేసేది ఒకటే: ఎక్కడో దొరికిన పెద్ద బొమ్మను స్లైడ్ నిండా సాగదీస్తారు, అక్షరాలు కనిపించకపోయేసరికి దాన్ని పాలిపోయేదాకా పలచన చేస్తారు, చివరికి నమూనాలే పనికిరావని తీర్మానిస్తారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది. వారు పెట్టినది బొమ్మ మాత్రమే, నమూనా కాదు.

నమూనాకు కావలసినవి ఒక చిన్న పలక, ఆ పలక పదేపదే పక్కపక్కన చేరే పద్ధతి. నేలకు పరిచే టైల్స్‌ను తలచుకోండి. టైల్ నడుమ పువ్వు ఎంత అందంగా ఉన్నా, అంచున తెగిన తీగ పక్క టైల్ మీది తీగతో కలవకపోతే నేలంతా అతుకులే కనిపిస్తాయి. నడుమ ఏ బొమ్మ వేసినా చెల్లుతుంది. అంచుల దగ్గర మాత్రం లెక్క తప్పకూడదు.

[తెరపై: ఖాళీగా ఉన్న 160 పిక్సెళ్ల చదరం]

మన టైల్ 160 పిక్సెళ్ల చదరం. ఈ అంకె ఊరికే ఎంచుకున్నది కాదు. పవర్‌పాయింట్‌లో వెడల్పాటి స్లైడ్ 13.333 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు ఉంటుంది, అంటే నిష్పత్తి 16:9. చదరపు టైల్స్ ఏ వైపునా తెగకుండా పట్టాలంటే అడ్డంగా 16, నిలువుగా 9 రావాలి, లేదా రెండూ అదే లెక్కన అన్నే రెట్లు కావాలి. అప్పుడు ఒక్కో టైల్ 0.833 అంగుళం వస్తుంది. అంగుళానికి 96 పిక్సెళ్లుగా నమోదైన బొమ్మలో అది సరిగ్గా 80 పిక్సెళ్లు. గీతలు పదునుగా కనిపించాలి కనుక రెట్టింపు పరిమాణంలో గీసి, స్లైడ్‌లో పెట్టేటప్పుడు సగానికి తగ్గిస్తాం. స్లైడ్ మొత్తానికి 144 టైల్స్ పడతాయి, గోడ వారన సగానికి కోసి పెట్టిన టైల్ ఒక్కటీ ఉండదు. పాత 4:3 స్లైడ్‌లో కూడా ఇదే టైల్ అడ్డంగా 12, నిలువుగా 9 చొప్పున సరిపోతుంది. ఈ లెక్క నాకు ఎంతో ఇష్టం.

[తెరపై: చదరం నడుమ ఒక చిన్న వృత్తం, తర్వాత అదే టైల్ స్లైడ్ నిండా]

నడుమ ఒక్క వృత్తం గీసి పరిచి చూడండి. అతుకులు కనిపించవు కానీ అడ్డు వరుసలు, నిలువు వరుసలు కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి, కన్ను అక్షరాలను వదిలి వాటి వెంట పోతుంది. దీనికి మందు రెండో వృత్తం. దాని కేంద్రాన్ని టైల్ ఎడమ పై మూల మీదే ఉంచండి. వృత్తంలో పావు భాగమే ఈ టైల్‌లో పడుతుంది. మిగిలిన మూడు పావులు తెగిపోయి బయట ఉండిపోతాయి. కాబట్టి అదే వృత్తాన్ని కుడివైపు 160 పిక్సెళ్ల దూరంలో ఒకసారి, కిందికి 160 దూరంలో ఒకసారి, రెండూ కలిపిన దూరంలో మరోసారి, మొత్తం నాలుగు మూలల్లోనూ పెట్టాలి. పరిచినప్పుడు నాలుగు టైల్స్ కలిసే చోట నాలుగు పావులు ఒక్క వృత్తమవుతాయి, చూపు ఏటవాలుగా సాగుతుంది, ఇందాకటి వరుసలు అంతగా పైకి తేలవు.

ఈ మూల వృత్తంలోనే నియమమంతా ఉంది. కుడి అంచు దాటి బయటికి వెళ్లిన ప్రతి ఆకారం అదే ఎత్తులో ఎడమ అంచు నుంచి లోపలికి రావాలి. కింది అంచుకూ పై అంచుకూ ఇదే వర్తిస్తుంది. పాటించామో లేదో చూసుకోవడానికి, బొమ్మల సాఫ్ట్‌వేర్‌లలో బొమ్మను పక్కకు జరిపే ఆఫ్‌సెట్ ఉంది: జింప్‌లో లేయర్ మెనూలోని ట్రాన్స్‌ఫార్మ్ కింద, ఫోటోషాప్‌లో ఫిల్టర్ మెనూలోని అదర్ కింద కనిపిస్తుంది. అడ్డంగా 80, నిలువుగా 80 ఇచ్చి, ర్యాప్ అరౌండ్ (ఒక అంచున బయటికి పోయినది ఎదుటి అంచు నుంచి లోపలికి రావడం) ఎంచుకుంటే నాలుగు అంచులూ టైల్ నడుమకు వచ్చి కూడిక గుర్తులా కలుస్తాయి. అతుకు ఉంటే అక్కడ దాక్కోలేదు. అక్కడికక్కడే సరిదిద్దండి, కానీ కొత్తగా గీసినది ఇప్పటి అంచులను తాకకుండా చూసుకోండి. తాకితే ఇంకో అతుకు పుడుతుంది.

ఇక రంగులు. గదిలోకి వచ్చినవారు చూడవలసినది గదిలోని సామాను, నేల కాదు. స్లైడ్‌లో ఆ సామాను అక్షరాలే. నమూనాలో రెండు రంగులు చాలు, ఆ రెండూ వెలుగులో దగ్గరగా ఉండాలి: ముదురు నీలం మీద అంతకంటే కొంచెమే తేలికైన నీలం, దాని మీద తెల్లటి అక్షరాలు. వెబ్ అందుబాటు ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ మామూలు అక్షరాలకు 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కాంట్రాస్ట్, అంటే అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా, అడుగుతుంది. స్లైడ్‌కు కూడా అదే కొలత పెట్టుకోండి. కొలిచేటప్పుడు నమూనాలోని రెండు రంగుల్లో అక్షరాల రంగుకు దగ్గరగా ఉన్నదానితోనే పోల్చాలి, సగటు తీస్తే మోసపోతాం.

పవర్‌పాయింట్‌లో సిద్ధంగా ఉన్న ప్యాటర్న్ ఫిల్‌తో సరిపోదా అని అడుగుతారు. అందులో 48 నమూనాలున్నాయి, రెండు రంగులూ మార్చుకోవచ్చు, కానీ గడి పరిమాణం మార్చే వీలు లేదు. ఆ సన్నని గీతలు ప్రొజెక్టర్ మీదా, వీడియో కాల్‌లోనూ మిలమిలలాడి కళ్లను బాధిస్తాయి. చార్ట్‌లోని కడ్డీలకు అవి పనికొస్తాయి, స్లైడ్ నిండా మాత్రం వద్దు.

నిడివి పెరుగుతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. టైల్‌ను పీఎన్‌జీగా భద్రపరచండి. పవర్‌పాయింట్ వ్యూ మెనూలో, స్లైడ్‌లన్నిటికీ మూలమైన స్లైడ్ మాస్టర్ తెరిచి, పైనున్న పెద్ద స్లైడ్‌ను ఎంచుకుని, ఫార్మాట్ బ్యాక్‌గ్రౌండ్‌లో పిక్చర్ ఆర్ టెక్స్చర్ ఫిల్‌కు వెళ్లి బొమ్మను చేర్చండి. తర్వాత టైల్ పిక్చర్ యాజ్ టెక్స్చర్ అనే గడిలో టిక్ పెట్టి, స్కేల్ రెండింటికీ 50 శాతం ఇవ్వండి. ఈ టిక్ మరిచిపోతే మన టైల్ కూడా సాగిపోయి మొదట తిట్టుకున్న బొమ్మే అవుతుంది. అక్కడే మిర్రర్ టైప్ ఉంటుంది; అది ఒకటి విడిచి ఒక టైల్‌ను అద్దంలోలా తిప్పుతుంది కనుక ఏ బొమ్మ అంచులైనా కలుస్తాయి. సులువే కానీ ఆకులు, తీగలు ముఖాల్లా మారి అక్షరాల వెనుక నుంచి మనల్నే చూస్తుంటాయి, నాకు నచ్చదు.

గూగుల్ స్లైడ్స్‌లో టైల్ చేసే సదుపాయం లేదు, అది ఒక్క బొమ్మనే స్లైడ్ నిండా సాగదీస్తుంది. అందుకని టైల్‌ను 120 పిక్సెళ్లకు మార్చి, బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనే అడ్డంగా 16, నిలువుగా 9 చొప్పున పరిచి, 1920 × 1080 బొమ్మగా ఎగుమతి చేయండి. బ్యాక్‌గ్రౌండ్‌గా ఎంచుకున్నాక యాడ్ టు థీమ్ నొక్కితే స్లైడ్‌లన్నిటికీ వర్తిస్తుంది.